పచ్చడి జాడీ ఫ్రిజ్ మీద నుంచి దించారా? భూకంపం మీద పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో గోడ పగుళ్ళ గురించి రాస్తూ చివర్లో "భూకంపం సంగతి ఇంకోసారి చూద్దాం" అని మాటవరసకి అన్నా, అంతే, ఉత్తరాలు వరస కట్టాయి. సగం కాలిఫోర్నియా నుంచి, సగం వరంగల్, ఖమ్మం, విజయవాడ వైపు నుంచి. రాయరా మరి, 2024 డిసెంబర్ 4 పొద్దున 7:27కి ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కదిలి హైదరాబాద్, విజయవాడ దాకా తెలిసింది, అక్కడ అమ్మానాన్నలకి ఫోన్ చేసి "బానే ఉన్నారా" అని అడిగిన పిల్లలకి మర్నాడే, అంటే డిసెంబర్ 5 పొద్దున 10:44కి, కాలిఫోర్నియా తీరం అవతల సముద్రంలో 7.0 వచ్చింది, ఈసారి అక్కణ్ణుంచి ఇక్కడికి ఫోన్లు. నేను పుట్టింది ఖమ్మం జిల్లాలో, 2005 నుంచీ ఉంటున్నది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో, చేసే పని బిల్డింగ్ స్ట్రక్చర్లు చూడ్డం, కాబట్టి రెండు వైపుల వాళ్ళకీ నేను దొరికిపోయా. వచ్చినవాటిలో కొన్ని కలిపి, కొన్ని కుదించి ఇక్కడ పెడుతున్నా.

ప్రశ్న: ఫ్రీమాంట్‌లో ఇల్లు కొనుక్కుని రెండేళ్ళయింది. నేను, మావారు, పాప, ఊరి నుంచి వచ్చిన అత్తయ్య మామయ్య, మొత్తం ఐదుగురం. డిసెంబర్ 5న ఫోన్ సునామీ సునామీ అని అరిచేసరికి కాళ్ళూ చేతులూ ఆడలేదు, గంట తర్వాత వార్నింగ్ తీసేశారనుకోండి. మావారు ఆన్‌లైన్‌లో 250 డాలర్ల ఎమర్జెన్సీ కిట్ ఒకటి చూసి కార్ట్‌లో పెట్టారు. కొనాలా వద్దా? అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: కార్ట్‌లోనే ఉండనివ్వండమ్మా, తొందరేం లేదు. ముందు ఇంట్లో ప్రతి గది మధ్యలో నిలబడి తలెత్తి చూడండి. మీ భుజం కంటే ఎత్తులో బరువైనది ఏముంది, అది పడితే ఎవరి మీద పడుతుంది, ఇంతే ప్రశ్న. ఫ్రిజ్ మీద ఆవకాయ జాడీ, వంటింటి పై అరలో వెట్ గ్రైండర్ రాయి, మంచం తలవైపు గోడకి పెళ్ళి ఫోటో గాజు ఫ్రేము, పాప గదిలో గోడకి బిగించని పుస్తకాల అల్మారా... మన ఇళ్ళన్నీ ఇలాగే ఉంటాయి, మా ఇల్లూ ఇలాగే ఉండేది. 2007 అక్టోబర్ 30 రాత్రి 8:04కి శాన్ హోజే పక్కన ఆలమ్ రాక్ దగ్గర ఐదున్నర ప్రాంతంలో ఒకటి వచ్చింది, పెద్దదేం కాదు, ఎవరూ చనిపోలేదు కూడా. మా వంటింట్లో మాత్రం పై కప్‌బోర్డు తలుపు దానంతటదే తెరుచుకుని గాజు సీసాలు ఒక్కోటీ దూకాయి, గోంగూర పచ్చడీ గాజు పెంకులూ కలిసి నేలంతా, మా ఆవిడ ఉత్తి కాళ్ళతో మధ్యలో నిలబడి "కదలకు కదలకు" అని నన్ను అరుస్తోంది. ఆ రాత్రి నాకు అర్థమయిన సంగతి ఏంటంటే నా ఇంజనీరింగ్ అంతా గోడలకే పనికొచ్చింది, గోడల మధ్య పెట్టుకున్న సామాన్లకి కాదు. ఇక్కడి ఒంటి అంతస్తు చెక్క ఇళ్ళు ఊగుతాయి, కిర్రుమంటాయి, ప్లాస్టర్ రాలుతుంది, కానీ మనుషుల మీద అమాంతం కూలిపోవడం చాలా అరుదు. మనకి తగిలే దెబ్బల్లో ఎక్కువ మన సామాన్ల నుంచే.

అందుకని ఈ శనివారం పని ఇది. బరువైనవి కింది అరల్లోకి, తేలికవి పైకి. మంచం తలవైపు గోడ ఖాళీ. పొడుగు అల్మారాలు, డ్రెస్సర్లు, టీవీ, వీటికి పది పదిహేను డాలర్లకి స్ట్రాపులు దొరుకుతాయి, స్క్రూ మాత్రం గోడ లోపలి చెక్క స్టడ్‌లోకి దిగాలి, పైన ఉండే ఉత్తి పలక, అదే డ్రైవాల్, అందులోకి దింపితే అది మన తృప్తికే. వంటింటి పై కప్‌బోర్డులకి చిన్నపిల్లలున్న ఇళ్ళలో పెట్టే లాచ్‌లు పెట్టండి. పూజ గదిలో విగ్రహాల కింద మ్యూజియం పుట్టీ అని బంకమట్టి లాంటిది దొరుకుతుంది, ఒక్క చిటికెడు అంటిస్తే వెంకన్న కదలడు.

తర్వాత గ్యారేజ్‌లోకి వెళ్ళి వాటర్ హీటర్ చూడండి. పైన ఒక పట్టీ, కింద ఒక పట్టీ గోడకి బిగించి ఉండాలి, కాలిఫోర్నియాలో ఇది చట్టం, ఇల్లు అమ్మేవాళ్ళు రాసి ఇవ్వాలి కూడా, అయినా వదులైపోయిన పట్టీలు నేను చాలా చూశా. అది పడిపోతే గ్యాస్ పైపు తెగుతుంది, నీళ్ళూ పోతాయి. పడకుండా నిలబడితే మాత్రం మీ ఇంట్లో 40, 50 గ్యాలన్ల (గ్యాలన్ అంటే నాలుగు లీటర్లకి కాస్త తక్కువ) మంచినీళ్ళ ట్యాంకు రెడీగా ఉన్నట్టే, హీటర్ ఆపేసి, నీళ్ళు లోపలికొచ్చే వాల్వ్ కట్టేసి, చల్లారాక కింద ఉన్న కుళాయి నుంచి పట్టుకోవచ్చు.

నీళ్ళ దగ్గరే మనవాళ్ళు ఎక్కువ తప్పుతారు. మనిషికి రోజుకి ఒక గ్యాలన్, రెండు వారాలకి పెట్టుకోమని ఇక్కడ చెప్తారు. ఐదుగురికి 70 గ్యాలన్లు. కాస్ట్‌కోలో 40 బాటిళ్ళ కేసు ఒకటి 5 గ్యాలన్ల పైచిలుకు వస్తుంది, అంటే 13, 14 కేసులు. అబ్బో అనకండి, మొదట మూడు రోజులకి మూడు కేసులు కొనండి, వెళ్ళినప్పుడల్లా ఒకటి ఎక్కువ తెచ్చి పాతవి వాడుకుంటూ పోండి, హీటర్ నీళ్ళు ఉండనే ఉన్నాయి. ఇంత ఎందుకంటే శాన్ ఫ్రాన్సిస్కోకి కొండల నుంచి నీళ్ళు తెచ్చే హెచ్ హెచ్చీ పైపులు మన ఫ్రీమాంట్‌లోనే హేవర్డ్ ఫాల్ట్‌ని, అంటే భూకంపాలు పుట్టే భూమి లోపలి పగులుని, దాటుకుని వెళ్తాయి, వాటిని గట్టి చేశారు, నిజమే, కానీ వీధి వీధికీ ఉన్న చిన్న పైపుల మాటేంటి? 1906లో శాన్ ఫ్రాన్సిస్కోని ఎక్కువ నాశనం చేసింది ఊపు కాదు, ఆ తర్వాత మూడు రోజులు కాలిన మంటలు, ఆర్పడానికి పైపుల్లో నీళ్ళు లేవు.

తిండి దగ్గర ఇంకో మాట. మన ఇళ్ళలో బియ్యం బస్తా, నాలుగు రకాల పప్పులు, ఆరు నెలలకి సరిపడా ఉంటాయి, "మాకేం, కరువొచ్చినా తింటాం" అంటారు. దాన్నంతా వండాలంటే నీళ్ళు కావాలి, మంట కావాలి, ఆ రెండే కదా ఉండనివి! కాబట్టి వండక్కర్లేనివి ఒక డబ్బాలో పెట్టండి, అటుకులు, మరమరాలు, వేరుశెనగ చిక్కీ, ఖర్జూరం, జంతికలు, వేయించిన శనగలు, పాపకి పాలపొడి. గుప్పెడు అటుకులు తడపడానికి అరగ్లాసు నీళ్ళు చాలు, మన పెద్దవాళ్ళు ప్రయాణాలకి అవి ఊరికే మూటగట్టలేదు. క్యాంపింగ్ స్టవ్ ఉంటే పెరట్లోనే వెలిగించండి, ఇంట్లో గానీ గ్యారేజ్‌లో గానీ వద్దు, దాంట్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు, వాసన కూడా రాదు.

ఇక చెప్పుల సంగతి. మన ఇళ్ళలో చెప్పులన్నీ గుమ్మం దగ్గరో గ్యారేజ్‌లోనో ఉంటాయి, అర్ధరాత్రి వస్తే పడగ్గది నుంచి అక్కడిదాకా గాజు పెంకుల మీద నడవాలి. ఐదుగురికీ ఐదు జతల పాత బూట్లు ఒక్కో కవర్లో పెట్టి మంచం కోడుకి కట్టెయ్యండి, అందులోనే టార్చిలైటు, అత్తయ్యగారి కళ్ళజోడు పాతది ఒకటి. మడి ఆచారం అంటే కొత్త బూట్లు కొని పెట్టండి, బయట తొక్కనివి.

మందులు కూడా. ఊరి నుంచి వచ్చే పెద్దవాళ్ళు బీపీ, షుగర్ మాత్రలు లెక్కపెట్టి ఆరు నెలలకి తెచ్చుకుంటారు, అవన్నీ ఒకే సూట్‌కేసులో. రెండు వారాలవి విడిగా తీసి, చీటీ ఫోటో కాపీతో పాటు ఒక సంచీలో పెట్టండి. అదే సంచీలో పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, ఓసీఐ కార్డులు ఉంటే అవి, ఒకటి, ఐదు, ఇరవై డాలర్ల చిన్న నోట్లు కొన్ని, కరెంటు లేకపోతే కార్డు గీకేదెక్కడ?

ఇవన్నీ అయ్యాక కార్ట్‌లో ఉన్న కిట్ చూడండి, అందులో ఉన్నవి సగం మీ ఇంట్లోనే ఉన్నాయని మీకే తెలుస్తుంది.

ప్రశ్న: సార్, మాది హన్మకొండ. నేను రిటైరైన టీచర్ని. ఆ రోజు పొద్దుగాల చాయ్ తాగుతుంటే సప్పుడొచ్చింది, గిన్నెలు కదిలినయ్, కుర్చీ ఊగింది, మేమందరం బయటికి ఉరికినం, మా గల్లీ గల్లీ అంతా రోడ్డు మీదనే ఉన్నది. మా కొడుకు కాలిఫోర్నియా నుంచి ఫోన్ చేసి "బయటికి ఎందుకు ఉరికిన్రు, టేబుల్ కింద కూసోవాలె" అని కోపం చేసిండు. మా అమ్మ బతికున్నప్పుడు దర్వాజ కింద నిలబడాలె అనేది. ముగ్గురిల ఎవరిది కరెక్టు?

జవాబు: ముగ్గురిదీ కరెక్టే సార్, మూడు వేర్వేరు ఇళ్ళలో. ఈ చిక్కే నాకు ఎక్కువ ఉత్తరాల్లో కనిపించింది, అందుకే కొంచెం తీరిగ్గా చెప్తా.

మీ అబ్బాయి ఉండే ఇల్లు చెక్కది. దాని పైకప్పు మీద పడే ప్రమాదం తక్కువ, పరిగెత్తితే మెట్ల మీద పడి కాలు విరిగే ప్రమాదం, బయట చిమ్నీ ఇటుకలు, కిటికీ గాజులు నెత్తిన పడే ప్రమాదం ఎక్కువ. కాబట్టి ఉన్నచోటే కిందకి వంగు, బల్ల కిందకి దూరు, బల్ల కోడు గట్టిగా పట్టుకో, ఇది స్కూల్లో పిల్లలకి కూడా నేర్పిస్తారు, 2009 నుంచి ఏటా అక్టోబర్‌లో దీనికి రాష్ట్రమంతా ఒకేసారి డ్రిల్ కూడా చేస్తున్నారు. మీ అబ్బాయికి వాళ్ళ కంపెనీలో ఇదే చెప్పుంటారు.

మీ అమ్మగారు చెప్పింది మట్టి ఇళ్ళ నాటి మాట. గోడలన్నీ కూలినా దర్వాజ చట్రం నిలబడి ఉండటం జనం చూశారు, అందులోంచి పుట్టింది. ఇప్పటి ఇళ్ళలో దర్వాజ గోడ కంటే గట్టిదేం కాదు, పైగా తలుపు ఊగి వేళ్ళు నలుగుతాయి. ఆ మాట ఇక వదిలేయొచ్చు.

మీరు ఉరికింది... అది మీ ఇంటిని బట్టి. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున 3:56కి లాతూర్ దగ్గర కిల్లారిలో వచ్చింది 6.2 మాత్రమే, దగ్గర దగ్గర 10 వేల మంది చనిపోయారు. వినాయక నిమజ్జనం చేసుకొచ్చి అలిసి పడుకున్న జనం. ఆ ఇళ్ళు ఎలాంటివంటే రెండడుగుల మందం రాతి గోడలు, మధ్యలో సిమెంటు కాదు బురద, పైన దూలాలూ చెక్కలూ, వాటి మీద అడుగుల మందాన మట్టి. మన తెలంగాణలో, రాయలసీమలో మట్టి మిద్దెలు అంటామే, దాదాపు అవే. ఎండాకాలం చల్లగా ఉంటుంది, నిజం, కానీ ఊపు వస్తే రాయికీ రాయికీ పట్టు ఉండదు, ఆ మట్టి బరువంతా కిందకే. అలాంటి ఇంట్లో, కింది అంతస్తులో, తలుపు నాలుగడుగుల దూరంలో ఉంటే, ఖాళీ జాగా ఎదురుగానే ఉంటే, కదలిక తెలిసిన క్షణమే బయటపడటమే మంచిది. అక్కడ టేబుల్ కింద కూర్చోమని నేను చెప్పను.

మీది స్లాబు ఇల్లయితే, పిల్లర్లు, బీములు వేసి కట్టిందయితే, ఊగుతున్నంతసేపూ లోపలే గట్టి మంచం పక్కనో బల్ల కిందో ఉండి, ఆగాక బయటికి రండి. అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తయితే మరీ. మెట్ల దగ్గర తొక్కిసలాట, లిఫ్టు ఆగిపోవడం, రెండూ ఊపు కంటే ప్రమాదం. బయటికొచ్చాక కూడా మీ గల్లీ జనం ఎక్కడ నిలబడ్డారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి, పిట్టగోడల కిందా, కరెంటు తీగల కిందా, ఓవర్‌హెడ్ ట్యాంకు కిందేనా? మా ఊళ్ళో అంతే. రోడ్డు వెడల్పు ఇరవై అడుగులు, రెండు పక్కలా మూడంతస్తులు, దాన్ని "బయట" అనుకుంటాం.

ఊరికే భయపెట్టడానికి కాదు గానీ గోదావరి లోయ కింద పాత పగుళ్ళున్నాయి, 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది, మా నాన్న ఆ సంగతి చెప్తుండేవాడు, ఆ రాత్రి ఎడ్లు తాళ్ళు తెంపుకున్నాయని. 1967లో ఒంగోలు వైపు ఒకటి వచ్చింది. ఇన్నాళ్ళూ వాడుతున్న మ్యాప్‌లో హైదరాబాద్ జోన్ 2, భద్రాచలం, విజయవాడ, ఒంగోలు జోన్ 3 (అంకె పెరిగేకొద్దీ ప్రమాదం ఎక్కువ), కాలిఫోర్నియాతో పోల్చే పనే లేదు. ములుగుది 5.3, ఆ మర్నాడు ఇక్కడ సముద్రంలో వచ్చింది 7.0, శక్తి లెక్కన సుమారు 350 రెట్లు పెద్దది, అయినా మా ఫ్రీమాంట్ ఇళ్ళల్లో గ్లాసు కూడా పడలేదు, ఎందుకంటే అది వందల కిలోమీటర్ల దూరం, మీది పక్కూరు. కాబట్టి మీరు చేయాల్సింది పెద్దగా ఏం లేదు, సజ్జ మీద ఇత్తడి గుండిగలూ ట్రంకు పెట్టెలూ దించి, వాటి కింద మంచం ఉంటే మంచం జరిపి, బీరువా గోడకి రెండు ఎల్ క్లాంపులతో బిగించమని వడ్రంగికి చెప్పండి. గంట పని. ఊపు ఆగగానే సిలిండర్ రెగ్యులేటర్ కట్టెయ్యడం ఇంట్లో అందరికీ రావాలి, కోడలికే కాదు.

మీ అబ్బాయి మీద కోపం వద్దు సార్, తన ఇంటి మాట మీ ఇంటికి చెప్పాడంతే.

ప్రశ్న: అన్నా, మేం నలుగురం సన్నీవేల్‌లో అపార్ట్‌మెంట్‌లో రెంట్‌కి ఉంటున్నాం, కింద కార్ పార్కింగ్, పైన మేము. ఓనర్ గోడకి మేకు కొట్టనివ్వడు, డిపాజిట్ పోతుందని భయం. మా దగ్గర పెద్ద సామాన్లేం లేవు, టీవీ, నాలుగు పరుపులు, ఒక ప్రెషర్ కుక్కర్. మాకూ ఇవన్నీ అవసరమా?

జవాబు: తమ్ముడూ, మీ కుక్కర్ గురించి కాదు, ఆ కింద కార్ పార్కింగ్ గురించి మాట్లాడదాం. పైన గదుల గోడలు నిండుగా ఉంటాయి, కింద కార్ల కోసం గోడలు తీసేసి సన్నటి స్తంభాల మీద నిలబెడతారు, ఊపు వస్తే కింది అంతస్తు ఒక్కటే మోకాళ్ళు మడిచినట్టు మడుస్తుంది. 1994 జనవరి 17న లాస్ ఏంజెలెస్ పక్కన నార్త్‌రిడ్జ్‌లో తెల్లవారుజామున 4:31కి వచ్చినప్పుడు ఇలాంటి ఒక్క అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లోనే 16 మంది పోయారు. 2001 జనవరి 26న భుజ్‌లో వస్తే 200 కిలోమీటర్ల పైన దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూలినవాటిలో చాలా మటుకు స్టిల్ట్ పార్కింగ్ బిల్డింగులే. హైదరాబాద్‌లో, విజయవాడలో మనం కట్టుకుంటున్నవీ అవే కదా, "స్టిల్ట్ ప్లస్ ఫైవ్" అని గొప్పగా బోర్డు పెట్టి. సరిగా డిజైన్ చేస్తే తప్పేం లేదు, పిల్లర్లు లావుగా, వాటి లోపలి ఇనుప రింగులు దగ్గర దగ్గరగా, కొన్ని గోడలు కాంక్రీటువి ఉండాలి. బిల్డర్‌ని ఫాల్స్ సీలింగ్ గురించి పది ప్రశ్నలు అడుగుతాం, పిల్లర్ రింగుల గురించి ఒక్కటీ అడగం.

శాన్ ఫ్రాన్సిస్కోలో 2013లో చట్టం చేసి ఇలాంటి పాత చెక్క బిల్డింగులని ఓనర్ల చేత గట్టి చేయించారు. మీ బిల్డింగ్ ఏ ఏడాదిది, కింద స్టీలు ఫ్రేములు పెట్టారా అని మేనేజర్‌కి ఒక ఈమెయిల్ పెట్టండి, ఓనర్ చెప్పకపోతే సిటీ బిల్డింగ్ డిపార్ట్‌మెంట్‌లో అడగండి. చెయ్యలేదని తేలితే లీజు అయిపోయాక ఇల్లు మారడమే నేను చెప్పేది, పరుపులూ కుక్కరే అన్నావుగా, ఒక్క ట్రిప్పు.

టీవీకి గోడ అక్కర్లేదు, స్టాండుకే కట్టే పట్టీలున్నాయి. రెంటర్స్ ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకోకండి, అది భూకంపానికి పనికిరాదు, దాని సంగతి కింద చెప్తా.

ప్రశ్న: హోమ్ ఇన్సూరెన్స్ కడుతున్నాం, భూకంపానికి మళ్ళీ వేరే తీసుకోవాలా? అందరూ "దండగ" అంటున్నారు.

జవాబు: వేరేగా తీసుకోవాల్సిందే, మామూలు హోమ్ ఇన్సూరెన్స్‌లో భూకంపం ఉండదు. కాలిఫోర్నియాలో మీ కంపెనీ రెండేళ్ళకోసారి మీకు "కావాలా" అని అడిగి తీరాలి, ఆ కాగితాన్నే మనం జంక్ మెయిల్ అనుకుని పడేస్తాం. ఎక్కువమంది తీసుకునేది నార్త్‌రిడ్జ్ తర్వాత 1996లో పెట్టిన కాలిఫోర్నియా ఎర్త్‌క్వేక్ అథారిటీ పాలసీ, దాన్ని కూడా మీ కంపెనీ ద్వారానే ఇస్తారు.

దండగ అనే మాట ఎందుకొచ్చిందంటే డిడక్టిబుల్ వల్ల, అంటే నష్టంలో ముందు మనమే పెట్టుకోవాల్సిన వాటా. 5 నుంచి 25 శాతం దాకా ఉంటుంది. ఇల్లు తిరిగి కట్టడానికి 6 లక్షల డాలర్లనుకుని 15 శాతం తీసుకుంటే మొదటి 90 వేలు మీ జేబులోంచే. అంటే గోడ పగిలి 40 వేల ఖర్చొస్తే దాదాపు ఏమీ రాదు. ఇది చిన్న దెబ్బలకి కాదు, ఇల్లే పోయినప్పుడు రోడ్డున పడకుండా ఉండటానికి. ఇల్లు మీద అప్పు ఎక్కువ, చేతిలో పొదుపు తక్కువ అయితే తీసుకోండి. అద్దెకున్న తమ్ముళ్ళకి కూడా వేరే పాలసీ ఉంది, చవక, ఇల్లు ఉండటానికి పనికిరాకపోతే వేరే చోట ఉండే ఖర్చు ఇస్తుంది, దానికి డిడక్టిబుల్ కూడా లేదు.

నన్నడిగితే 1980కి ముందు కట్టిన, కింద క్రాల్ స్పేస్ (ఇంటికీ నేలకీ మధ్య పాకి వెళ్ళేంత ఖాళీ) ఉన్న ఇల్లయితే ప్రీమియం కంటే ముందు ఇంటిని పునాదికి బోల్టులేసి బిగించడానికి డబ్బు పెట్టండి. పాత ఇళ్ళలో చాలా వాటికి ఇల్లు పునాది మీద ఊరికే కూర్చుని ఉంటుంది, నమ్మరు గానీ. దీనికి బ్రేస్ అండ్ బోల్ట్ అని ఒక స్కీము ఉంది, ఎంపిక చేసిన జిప్ కోడ్‌ల వాళ్ళకి 3 వేల డాలర్ల దాకా గ్రాంటు ఇస్తారు, రిజిస్ట్రేషన్ తెరిచినప్పుడు కనిపెట్టుకుని ఉండాలి. ఆ పని చేయిస్తే ఇన్సూరెన్స్‌లో తగ్గింపు కూడా వస్తుంది.

ప్రశ్న: "రేపు రాత్రి హేవర్డ్ ఫాల్ట్ బద్దలవుతుంది, గ్రహాలు వరసలోకి వస్తున్నాయి" అని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. నిజమా?

జవాబు: కాదు. తేదీ, టైము చెప్పగలిగినవాళ్ళు భూమ్మీద ఎవరూ లేరు. హేవర్డ్ ఫాల్ట్ మీద చివరి పెద్దది 1868 అక్టోబర్ 21న, అంతకుముందువాటితో కలిపి చూస్తే సగటున 140 ఏళ్ళకోటి, ఆ లెక్కకి ఇప్పటికే దాటింది. బే ఏరియాలో, అంటే శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల, 2014 నుంచి 2043 లోపు 6.7 లేదా అంతకంటే పెద్దది రావడానికి 72 శాతం అవకాశం అని అమెరికా ప్రభుత్వ భూగర్భ సంస్థ యూఎస్‌జీఎస్ లెక్కగట్టింది. రేపే రావచ్చు, మా పాప పెళ్ళయ్యాక రావచ్చు. మైషేక్ అని ఫోన్ యాప్ ఒకటుంది, అది చెప్పేది జోస్యం కాదు, భూమి కదిలాక ఆ ఊపు మీదాకా రాకముందే కొన్ని సెకన్లు ముందు ఫోన్ మోగిస్తుంది, బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్ళు చేశారు, పెట్టుకోండి. ఆ గ్రూపులోంచి మాత్రం బయటికొచ్చేయండి.

ప్రశ్న: మా అమ్మకి మోకాళ్ళ ఆపరేషన్ అయింది, కింద కూర్చోలేదు, వంగలేదు. పగలు ఇంట్లో ఒక్కతే ఉంటుంది, నేను డంబార్టన్ బ్రిడ్జి దాటి ఆఫీసుకెళ్తా, బాబు స్కూల్లో. ఆ టైములో వస్తే?

జవాబు: అమ్మగారిని బల్ల కిందకి దూరమని ఎవరూ అనరు. కుర్చీలో ఉంటే కుర్చీలోనే ముందుకి వంగి రెండు చేతులూ మెడ మీద, దిండు దొరికితే దిండు. మంచం మీద ఉంటే దిగొద్దు, బోర్లా తిరిగి దిండు తల మీద. వాకర్ ఉంటే బ్రేకు వేసి కూర్చోవాలి. వంటింట్లో ఉంటే స్టవ్ కట్టడం చేతికందితే కట్టి పక్కకి జరగడం, అంతే. పగలు ఆవిడ ఎక్కువసేపు కూర్చునే కుర్చీ ఎక్కడుందో చూడండి, సాధారణంగా టీవీ ఎదురుగానో పెద్ద కిటికీ పక్కనో ఉంటుంది, దాన్ని లోపలి గోడ వైపు జరపండి. ఒకటికి నాలుగుసార్లు ఆట లాగా చేయించండి, నవ్వుతుంది, నవ్వనివ్వండి.

మీరు ఆ రోజు ఇంటికి రాలేకపోవచ్చు, దాన్ని ముందే ఒప్పుకోవాలి. 1989 అక్టోబర్ 17 సాయంత్రం 5:04కి లోమా ప్రియెటా భూకంపం వచ్చినప్పుడు శాన్ ఫ్రాన్సిస్కోని ఓక్లాండ్‌తో కలిపే బే బ్రిడ్జి పై డెక్కులో ఒక ముక్క కింద పడింది, నెలరోజులు మూసేశారు, ఓక్లాండ్‌లో రెండంతస్తుల ఫ్రీవే కూలి 42 మంది చనిపోయారు. కాబట్టి మీ వీధిలోనే ఒకరిని అనుకోండి. తెలుగువాళ్ళే కానక్కర్లేదు, ఎదురింటి చైనా ఆవిడయినా, పక్కింటి పెద్దాయనయినా, ఇంటి తాళం ఒకటి వాళ్ళ దగ్గర, అమ్మకి వాళ్ళ ముఖం తెలిసుండాలి, ఒక కాగితం మీద ఇంగ్లీషులో ఆవిడ మందులు, మీ నంబరు రాసి ఫ్రిజ్‌కి అంటించండి. గ్యాస్ మీటరు దగ్గర రెంచి ఒకటి కట్టి ఉంచి వాళ్ళకి చూపించండి, గ్యాస్ వాసన వస్తేనో, ఉస్సుమని చప్పుడొస్తేనో మాత్రమే పావు వంతు తిప్పి కట్టాలి. వాసన లేకపోతే ముట్టుకోవద్దు, ఎందుకంటే ఒకసారి కట్టాక తిరిగి మీరు తెరవకూడదు, గ్యాస్ కంపెనీ పీజీ అండ్ ఈ వాళ్ళే రావాలి, అలాంటి రోజుల్లో వాళ్ళు ఎన్నాళ్ళకొస్తారో, చన్నీళ్ళ స్నానమే గతి.

బాబు స్కూల్లో ఎమర్జెన్సీ కార్డు తీసి చూడండి. అందులో పేరు లేని మనిషికి పిల్లాణ్ణి ఇవ్వరు. నడిచి స్కూలుకి వెళ్ళగలిగే ఇద్దరి పేర్లు ఉండాలి, మీ ఆఫీసు స్నేహితుడి పేరు కాదు, ఆయనా బ్రిడ్జి అవతలే ఉంటాడు.

ఫోన్లు. లైన్లు నిండిపోయి కాల్స్ వెళ్ళవు, మెసేజ్ వెళ్తుంది. డాలస్‌లోనో, అట్లాంటాలోనో ఉన్న బంధువుని ఒకర్ని పెట్టుకుని "బానే ఉన్నాం" అని ఇద్దరూ ఆయనకే మెసేజ్ పెట్టండి, ఇండియాలో అందరికీ ఆయనే చెప్తాడు. లేకపోతే గుంటూరు నుంచి పదిహేడు మంది చుట్టాలు ఒకేసారి చేసి మీ బ్యాటరీ అవగొడతారు.

ప్రశ్న: ఊపు వచ్చినప్పుడు పూజ గదిలో దీపం వెలుగుతుంటే ఆర్పాలా? ఆర్పితే దోషమా?

జవాబు: ఊగుతున్నప్పుడు దీపం వైపు వెళ్ళనే వద్దు, నూనె ఒలికి కాలుతుంది. ఆగాక గ్యాస్ వాసన లేదనుకున్నాక కొండెక్కించండి. కొత్త దీపం గానీ అగ్గిపుల్ల గానీ ఆ రోజు వెలిగించకండి, వాసన ఉంటే లైటు స్విచ్చి కూడా వెయ్యొద్దు, తలుపు తెరిచి బయటికి రండి. దోషం సంగతి మా అమ్మనడిగా, "దీపం కొండెక్కితే మళ్ళీ పెట్టుకుంటాం, ఇల్లు కాలితే ఎక్కడ పెడతావురా" అంది. మా ఇంట్లో ఇప్పుడు పొడుగు కుందులు తీసేసి పొట్టి ఇత్తడి ప్రమిద వెడల్పు పళ్ళెంలో పెడుతున్నాం, పళ్ళెం కింద అదే పుట్టీ.